టాకీసు గోడ

నాందేడ్‌ వజీరాబాద్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే బాబురావు ఇంటి పడమటి గోడ, సంగప్ప టాకీసు గోడ ఒక్కటే. ఆట మొదలైతే ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి వినపడేది కాదు. అటు హీరో గద్దిస్తే ఇటు అల్మారాలో గ్లాసులు గలగలమనేవి. చప్పుడు తగ్గించమని బాబురావు ఏళ్ల తరబడి టాకీసు యజమాని సంగప్పతో పోట్లాడాడు.

ఒక ఏడు వానాకాలంలో బాబురావు ఒక్కగానొక్క కొడుకు మాణిక్ కామెర్లతో పోయాడు. తల్లి ఇందుబాయి ఏడవలేదు. వండేది, వడ్డించేది, పొద్దుగూకగానే ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేది. పాటలు, కొట్లాటలు ఇటుకల్లోంచి వచ్చి వీపులో అదిరేవి. ఏం కథో ఆమెకు పట్టేది కాదు.

దీపావళి దాటాక సంగప్ప టాకీసు మూసి లోపల పని పెట్టించాడు. గోడలకు చెక్క చట్రాలు కొట్టించి, సందుల్లో కొబ్బరి పీచు కూరించి, మీద గోనెపట్టా బిగించాడు. మళ్లీ ఆట మొదలైన రోజు ఇందుబాయి ఎప్పటిలా గోడకు ఆనుకుంది. ఏమీ రాలేదు. భర్త అన్నం నమిలే చప్పుడు వినిపించింది. మాణిక్ గదిలో ఏ అలికిడీ లేదు.

"ఇగో, ఆ పట్టాలు తీసెయ్యమని సంగప్పకు చెప్పుర్రి," అంది.

"ఇన్నేండ్లు సప్పుడు బంద్ చెయ్యమని నేనే లొల్లి చేస్తి. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని అడగాలె?" అన్నాడు బాబురావు.

ఆమె మళ్లీ అడగలేదు. మర్నాడు అతనే వెళ్లాడు.

సంగప్ప నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగాడు. "మీ కోసమే కాదు శేట్. లోపట గూంజ్ లేచి, మాట మీద మాట మోగి ఒక్క ముక్క సమజ్ కాకపోతుండె. జనం తిట్టుకుంట లేచి పోతుండ్రి. గిప్పుడు గుసగుస సుద్దా ఇనొస్తుంది. ఎట్ల తీస్త? వదినెను తీస్కొని రార్రి, టికెట్ వద్దు."

మధ్యాహ్నం ఆటకు ఇద్దరూ వెళ్లారు. ఇందుబాయి తమ ఇంటి వైపు గోడ పక్కన కూర్చుంది. గోనెపట్టాను వేలితో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది. తెర మీద ఒక తల్లి ఏడుస్తోంది. ప్రతి మాటా విడివిడిగా, తేటగా వచ్చింది. ఇందుబాయికి ఏమీ అనిపించలేదు.

"మంచిగ ఇనొస్తుందా?" అడిగాడు బాబురావు.

"ఆఁ, ఇనొస్తుంది."

కాసేపటికి ఆమె తల అతని భుజం మీద వాలింది. కొడుకు పోయాక ఆమె కంటి మీద కునుకు పడడం అతను చూడలేదు. ఆట అయిపోయింది. జనం వెళ్లిపోయారు. టాకీసు ఊడ్చే గంగుబాయి చీపురుతో వరసల్లోకి వచ్చింది.

"ఇంకో ఆట ఉన్నది శేట్," అంది.

"ఉండనీ. జర ఆ దిక్కు నుంచి ఊడ్చుకుంట రా," అన్నాడు బాబురావు, భుజం కదలనివ్వకుండా.