పట్టుబట్ట కట్టిన కుర్చీ

నేను ఒక కుర్చీని. ఇక్కడితో ఆపేస్తే నాకూ పరువు, మీకూ సుఖం. కానీ ఆత్మకథ అన్నాక మధ్యలో ఉన్నది దాచకూడదట. నా మధ్యలో ఉన్నది చిల్లు. ఇండియన్ మరుగుదొడ్డిలో కింద కూర్చోలేని పెద్దవాళ్ళు దాని మీద వేసుకుని కూర్చుంటారే, ఆ కుర్చీని. చెప్పేశాను. ఇక నా మొహం చూడకండి. అదృష్టం కొద్దీ నాకు మొహం లేదు.

మనుషులకి వెడ్డింగు ముహూర్తాలుంటాయి, నాది వెల్డింగు ముహూర్తం. తణుకులో మస్తాన్ అనే వెల్డరు ఇనప గొట్టాలు వంచి, కాళ్ళు ముడుచుకునేలా మడతబందులు పెట్టి, పైన తెల్ల ప్లాస్టిక్ చట్రం బిగించాడు.

"ఎవరికి మాస్టారూ?" అనడిగాడు.

"మా దూరపు చుట్టాలకి" అన్నారు వీర్రాజు మాస్టారు, మోకాలు నిమురుకుంటూ. మోకాలంత దగ్గర చుట్టాన్ని దూరపు చుట్టం అన్నవాడు లోకంలో ఆయనొక్కడే.

పాపం, ఆయన బాధ ఆయనది. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన ఈల వేస్తే మూడొందల మంది పిల్లలు ఒక్కసారిగా గుంజీలు తీసేవారు. ఇప్పుడు ఆయన కింద కూర్చుంటే లేవడానికి భార్య భ్రమరాంబ గారు కావాలి. ఆవిడ లేవడానికి గోడ కావాలి.

అలాంటి ఇంటికి ఒక కరపత్రం వచ్చింది. అరవై దాటినవాళ్ళకి పదిరోజుల బస్సు యాత్ర: ఉడుపి, శృంగేరి, హొరనాడు. కింద సూచనలు. స్వెట్టరు తెచ్చుకోండి, మందులు రెండు సంచుల్లో పెట్టుకోండి, జారని చెప్పులు వేసుకోండి, నీళ్ళు బాగా తాగండి. ఏం చూడాలో రాశారు, ఏం తినాలో రాశారు. ఎక్కడ కూర్చోవాలో మాత్రం రాయలేదు. యాత్రలో నా పాత్ర అక్కడ మొదలు.

భ్రమరాంబ గారు నన్ను తీసుకెళ్ళాల్సిందేనని పట్టుబట్టారు. మాస్టారు నాకు పట్టుబట్ట కట్టారు. పసుపు రంగు పాత పట్టుపంచె, చుట్టూ తాడు.

బస్సెక్కగానే ముందు సీట్లోంచి త్రిపురమ్మ గారు తిరిగారు. మడి, మాట రెండూ గట్టి మనిషి. "అదేమిటి మాస్టారూ, అంత భద్రంగా ఉంది?"

"పూజా పీఠమమ్మా. మా తాతగారి నాటిది."

నా పెయింటు వాసన ఇంకా పోలేదు. తాతగారేమిటి, ఇంకా బారసాలే కాలేదు నాకు!

"ఆహా! ఈ రోజుల్లో ఇంత భక్తి ఎవరికుందండీ!" అని ఆవిడ చెయ్యెత్తి నాకే నమస్కారం పెట్టారు. ఇనుము చెమర్చడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మొదటి రెండు రోజులూ బండి నడిచింది. దిగిన హోటళ్ళలో కమోడ్లున్నాయి. బస్సు ఆగిన చోటల్లా మాస్టారు అందరిచేతా కసరత్తు చేయించారు. "మోకాలంటే స్ప్రింగులా ఉండాలండీ! ఒకటి, రెండు!" లెక్క ఆయనది, కూర్చుని లేవడం మిగతావాళ్ళది.

మూడో రోజు ఒక సత్రంలో దిగారు. బాత్రూములు వరండా చివర. అన్నీ ఇండియనే.

"ఏవండీ, అది పట్టుకెళ్ళి వేద్దురూ" అన్నారు భ్రమరాంబ గారు.

"వరండా నిండా జనమే. త్రిపురమ్మగారు దానికి దణ్ణం పెడుతోంది. నేను దాన్ని బాత్రూములోకి ఎలా మోసుకెళ్ళనే?"

"సరేలెండి. నాకంత దాహంగా కూడా లేదు."

ఈ రెండు మాటలకీ సంబంధం మాస్టారికి తట్టలేదు. నాకు తట్టింది. మర్నాడంతా బస్సులో ఆవిడ సీసా నా పక్కనే ఉంది, మూత కూడా తియ్యలేదు. అటుపక్క సీట్ల కింద సీసాలు కూడా నిండుగానే ఉన్నాయి. అది మాత్రం నాకూ తట్టలేదు.

ఆ మరుసటి ఉదయం శుక్రవారం. రాత్రి దిగిన రెండో సత్రంలోనూ అన్నీ ఇండియనే; దాని హాల్లో పూజకి అందరూ చేరారు. త్రిపురమ్మ గారు అమ్మవారి పటం పట్టుకుని తిన్నగా మా గది గుమ్మంలోకే వచ్చారు. "మాస్టారూ, మీ పీఠం ఇప్పించండి. అమ్మవారిని నేలమీద పెట్టలేం కదా!" అని పటం పక్కావిడ చేతికిచ్చి, నా తాడు ముడి తానే విప్పబోయారు. ఇంకొకావిడ నాకు రాయడానికి పసుపు కలుపుతోంది.

నేను తుప్పుపట్టి పొడైపోతే బాగుండుననుకున్నాను. మాస్టారు ఊరుకుంటే అమ్మవారికి అపచారం. చెబితే ముప్ఫై రెండేళ్ళ ఈలకి అవమానం. అంతలో వెనక భ్రమరాంబ గారు కళ్ళు తిరిగి గోడకి జారబడ్డారు. పెదాలు పీచులా ఎండిపోయి ఉన్నాయి.

"ముట్టుకోకండమ్మా!" డ్రిల్లు గొంతు. సత్రమంతా వినబడింది. "అది పీఠం కాదు. బాత్రూములో వేసుకునే కుర్చీ. మా ఇద్దరికీ కింద కూర్చుంటే లేవడం రాదు. నేను సిగ్గుపడి చెప్పలేదు. నా సిగ్గుకి మా ఆవిడ నీళ్ళు మానేసింది."

త్రిపురమ్మ గారు చటుక్కున చెయ్యి లాక్కుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న చప్పుడు అందరికీ వినిపించింది. మాస్టారు తలెత్తలేదు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు భార్య చేత గుక్కగుక్కగా తాగించారు. తరవాత నా పట్టుబట్ట విప్పేసి, నన్ను భుజానికెత్తుకుని వరండా మధ్యలోంచి నడిచారు. దాచడానికి ఇక ఏమీ లేదు, మూయడానికి బట్టా లేదు.

నన్ను వేసి, ఆవిణ్ణి లోపలికి పంపి, గుమ్మం పక్కన నిలబడ్డారు. పక్కనే చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ త్రిపురమ్మ గారు.

"మాస్టారూ." గొంతు ఎంత తగ్గిందంటే, ఆవిడదేనా అనిపించింది. "మీ ఆవిడ వచ్చాక నేను వెళ్ళనా? మొన్నటినుంచీ నేనూ మంచినీళ్ళు ముట్టలేదు."

వెనకాల ఇంకో నలుగురు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పూజ ఒక గంట ఆలస్యంగా మొదలైంది.

తిరుగు ప్రయాణంలో మాస్టారు నన్ను ఆ సత్రానికే ఇచ్చేసి వెళ్ళారు. రెండేళ్ళయింది. ఒక కాలి రబ్బరు బుడిపె ఊడింది, చట్రం పసుపెక్కింది. మీరు యాత్రకి బయల్దేరుతుంటే ఏ ఊరు చూడాలో మీ ఇష్టం. నాలాంటిదాన్ని ఒకదాన్ని మాత్రం వెంట తీసుకెళ్ళండి, పట్టుబట్ట లేకుండా.

ఇప్పటికీ నన్ను తీసుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళు ముందు అటూ ఇటూ చూస్తారు. నేనూ తల దించుకుంటాను. కాసేపటికి వాళ్ళు బయటికెళ్ళి వరండాలో మంచినీళ్ళ కుండ మీద మూత తీస్తారు. గటగటా ఒక గ్లాసు. ఆగి, ఇంకో గ్లాసు. లోపల తడిగోడకి ఆనుకుని ఆ చప్పుడు వింటాను.