మెరిడియన్ ఓడలో పురుగుల మాంసం

పాతికేళ్ళు ఫ్రెంచివాళ్ళతో పోరాడిన ఇంగ్లీషువాళ్ళ మెరిడియన్ యుద్ధనౌకకు చివరికి తెరచాప కొయ్యలు పీకేసి, ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో ఖైదీల కొట్టుగా మార్చారు. ఫిరంగులు నిలిచిన అంతస్తులో ఇప్పుడు పట్టుబడ్డ ఫ్రెంచి నావికులు కిక్కిరిసి పడుకుంటున్నారు.

కెజియాకు ఆ అంతస్తు కాపురం చేసిన ఇల్లు. ఆమె మొగుడు డిగరీ అక్కడే ఫిరంగి పేల్చేవాడు. వెస్టిండీస్ పోరులో ఆమె మందుగుండు సంచులు మోస్తుండగా ఆ ఫిరంగే పగిలి, కళ్ళముందే పోయాడు. అప్పటినుంచీ చిన్న పడవలో ఓడ ఓడకూ తిరిగి ఉల్లిపాయలు, పొగాకు అమ్ముకుంటోంది.

ఒకరోజు కటకటాల సందులోంచి ఒక ఖైదీ తన పళ్ళెం ఆమెకు చూపించాడు. గొడ్డుమాంసం నిండా పురుగులు. వీళ్ళకొచ్చే మంచి మాంసం ఊళ్ళో సత్రాలకు అమ్ముడుపోతోందని రేవులో అందరికీ తెలుసు. అమ్మేది ఓడ అధికారి టొలర్టన్. కెజియాకు ఒళ్ళు మండింది. ఆ మాంసం బుట్టలో వేసుకుని తిన్నగా అతని దగ్గరికే వెళ్ళింది.

"దొరా, దీన్ని కుక్క కూడా ముట్టదు."

"నీకెందుకే అంత బాధ? నీ మొగుణ్ణి చంపినోళ్ళేగా!"

"నా మొగుణ్ణి చంపింది వాళ్ళు కాదు. బీటలిచ్చిన ఫిరంగిని బాగుందని ఓడెక్కించిన నీలాంటి దొరలు!"

"ఇంకో మాట వాగావంటే నీ పడవ ముంచేయిస్తా."

మర్నాడు తనిఖీకి అడ్మిరల్ వచ్చాడు. ఓడ పై అంతస్తులో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి విందు పెట్టారు. ఉల్లిపాయలు తెచ్చిందనుకుని కాపలావాడు కెజియాను నిచ్చెన ఎక్కనిచ్చాడు. ఆమె బుట్ట తెచ్చి బల్ల మీద బోర్లించింది.

"తినండి దొరా! కింద రోజూ ఇదే విందు."

"లాగెయ్యండ్రా దీన్ని!" అని టొలర్టన్ ఆమె జుట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి! ఇక్కడ నెత్తుట్లో జారిపడుతూ మందుగుండు మోశాన్రా నేను. నన్ను దించడానికి నువ్వెవడివి?"

కింద ఖైదీలు పళ్ళేలు కటకటాలకేసి బాదసాగారు. అడ్మిరల్ ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని కిందికి దిగి చూశాడు. తిరిగొచ్చి భోజనం ముట్టకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారం నుంచి ఖైదీలకు తినదగ్గ మాంసం అందింది. పెద్దలను అవమానించినందుకు కెజియాను ఆ ఓడ చుట్టుపక్కలకు రావద్దన్నారు. టొలర్టన్‌కు శిక్షేమీ పడలేదు, ఇంకో ఖైదీల ఓడకు మార్చారంతే.

పక్క పడవలో చేపలమ్మే లవ్‌డే ఈ కబురు చెప్పి, "పోన్లే అక్కా, పీడ విరగడైంది" అంది.

"ఎవరికే విరగడైంది?" కెజియా తెడ్డు అందుకుంది. "ఏ ఓడకి పోయాడో చెప్పు."