పొట్టి రకం

సంకరం చేయడానికి పత్తి మొగ్గలోంచి కేసరాలను బొటనవేలి గోటితో శుభ్రంగా తీసేయడంలో ఆ పరిశోధన కేంద్రంలో ఆమె తర్వాతే ఎవరైనా. అందుకే అందరూ గోరక్క అనేవారు. కొత్తగా చేరిన శాస్త్రవేత్తకు చేయిపట్టి ఆ పని నేర్పిందీ ఆమే.

ఆ ఏడు అతను పన్నెండు రకాలను జతలు జతలుగా కలిపి చూస్తున్నాడు. అందులో ఒకటి మోకాలెత్తు దాటలేదు. కాపూ అంతంతమాత్రమే.

"దీన్ని పీకించెయ్ అక్కా," అన్నాడు.

"మొక్కను చూసి తేల్చెయ్యకండి సార్. దేనితో కలిపితే ఎలా వస్తుందో ఎవరికి తెలుసు?"

"అదంతా చదువుకున్నవాళ్లం చూసుకుంటాంలే."

పక్క సాళ్లలో కూలీలు కిసుక్కుమన్నారు. గోరక్క మాత్రం పీకేలోపు ఆ పొట్టి మొక్కల పుప్పొడిని నాలుగు రకాల మొగ్గలకు రాసి, చీటీలు కట్టింది. అది తెలిసి అతను మండిపడ్డాడు. ఆమెను పనిలోంచి తీయించాడు. ఆమె చేసిన సంకరాల గింజలు పారేయడానికి మనసొప్పక, మరుసటి ఏడు చివరి సాళ్లలో వేయించాడు.

నాలుగు సంకరాలూ తల్లినీ తండ్రినీ మించి, ఛాతీ ఎత్తున విరగకాశాయి. దేనితో కలిసినా దానికి బలమిచ్చే గుణం ఆ పొట్టిదానిలో ఉంది.

"ఇంత నాసిరకాన్ని ఏం చూసి ఎంచావయ్యా?" సమావేశంలో డైరెక్టరు మురిసిపోతూ అడిగాడు.

"ఏదో... అనిపించింది సార్."

చప్పట్లు మోగాయి. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

మర్నాడు గోరక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. కబురు వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. "ఎంతెత్తు పెరిగాయి సార్? కాయ బరువుందా?" అని ఆత్రంగా అడుగుతుంటే అతను తలెత్తలేకపోయాడు.

"మీటింగులో నీ సంగతి చెప్పలేదక్కా. నేనే ఎంచానన్నాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. "చెప్తే ఏం పోయేది సార్?"



ఆ వారమే జరిగింది జరిగినట్టు డైరెక్టరుకు రాసిచ్చాడు. "ఆ రోజే చెప్పి ఉంటే మర్యాదగా ఉండేది," అని ఆయన ముభావంగా సంతకం చేశాడు. నివేదికలో గోరక్క అసలు పేరు చేరింది. ఆమెను మళ్లీ పనికి రమ్మని పిలిచారు. బడి వంటగదిలో కుదురుకున్నానని ఆమె రానంది. ఒక్కసారి చేను చూస్తానంది, అంతే.

ఆదివారం వచ్చి, కాయలు తడుముకుంటూ సాళ్ల మధ్యకు నడిచింది. తోడు వెళ్దామని అడుగు వేయబోయాడు. ఆమె వెనక్కి చూడలేదు. అతను గట్టు మీదే నిలబడిపోయాడు.