తొట్టి కింది అడుగు

సాన్ ప్లాసిదో కొండ మీద వాకిలి ఊడవడమంటే మాటలు కాదు. ఫిదెన్సియాకి రోజూ గంటన్నర పడుతుంది. చెత్త ఎక్కువై కాదు, అడుగులు ఎక్కువై. ఆ ఊరి మట్టిలో కాలు పెట్టిన మనిషి అడుగు చెరిగిపోదు. వాన కురిసినా, కోళ్ళు గీరినా అలాగే ఉంటుంది. ఆ మనిషికి పోయే ఘడియ వచ్చినప్పుడు, పెనం మీద రొట్టె అంచు లేచినట్టు లేచి, మట్టిని వదిలి, తన మనిషిని వెతుక్కుంటూ గాలిలో వెళ్తుంది. అడుగులన్నీ చేతికి వస్తేనే ఎవరికైనా ఆఖరి ప్రయాణం. అందుకని ప్రతి అడుగు చుట్టూ చీపురు తిప్పుకుంటూ ఊడవాలి.

ఊరివాళ్ళ అడుగులతో తంటా లేదు. ఒకదాని మీద ఒకటి పడి బాటలా గట్టిపడిపోతాయి. తంటా అంతా వీపున మూటలు కట్టుకుని వచ్చే కుర్రకారుతోనే. వాళ్ళకి బాట అక్కర్లేదు. కాఫీ మొక్కల మధ్య తొక్కుతారు, కోళ్ళగూడు వెనక తొక్కుతారు, మేఘాన్ని ఫోటో తీస్తామని గోడెక్కి అవతలికి దూకుతారు. నాలుగు రోజులుండి ఇంకో దేశం పోతారు. వాళ్ళు ఏ డెబ్బై ఏళ్ళకో పోయేదాకా ఆ అడుగుల చుట్టూ ఎవరు ఊడవాలి? ఫిదెన్సియా ఊడవాలి. ఆవిడకి పిల్లల్లేరు కదా అని, పెరటిగది దారినపోయేవాళ్ళకి ఇవ్వాలని ఊరిపెద్దలు తీర్మానించారు. ఆవిడని ఒక్క మాట అడగలేదు. ఆ తీర్మానం చేసి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళు ఎవరెవరో ఆవిడకి ఇప్పటికీ వరసగా గుర్తు.

ఊడ్చుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగుతుంది. అక్కడ ఒక రేకు తొట్టి బోర్లించి ఉంది. దాని మీద సన్నికల్లు. చీపురు కర్ర తిరగేసి తొట్టి మీద ఒక్కటి వేస్తుంది.

"ఉన్నావా? ఉండు. నాకేం తొందర లేదు."

పదహారు నెలలుగా ఇదే వరస. ఒకరి అడుగు మీద మూత పెట్టడం సాన్ ప్లాసిదోలో మహాపాపం. ఊరిపెద్ద దోన్ నబోర్ రెండుసార్లు తలారిని వెంటేసుకుని వచ్చి చెప్పాడు. రెండుసార్లూ ఆవిడ చీపురు ఆపకుండానే వింది, వాళ్ళ కాళ్ళ మీదకి దుమ్ము లేపింది.

సోమవారం సంత లారీలో ఒక పిల్ల దిగింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. వీపున తనకంటే పెద్ద మూట, దానికి వేలాడుతూ ఒక గిన్నె, ఆరని తువ్వాలు. వెంట ఎవరూ లేరు.

"గది లేదు," అంది ఫిదెన్సియా గేటు తియ్యకుండానే.

"గది కోసం కాదు దోన్యా," అంది పిల్ల, అమ్మగారూ అని పిలిచినట్టు మర్యాదగా. "మా అన్నయ్య అడుగు చూడ్డానికొచ్చాను. మీ ఊళ్ళో అడుగులు మనిషి ఉన్నంతకాలం నిలుస్తాయని కింద బస్టాండులో చెప్పారు. అర్జెంటీనా నుంచి వచ్చాడు. లిసాండ్రో అని."

చీపురు ఆగింది.

"చేదు ఆకు నీళ్ళు గొట్టంతో పీల్చుకు తాగుతాడు, వాడా?"

"వాడే!"

"నవ్వితే చిగుళ్ళు కనబడతాయి?"

"అవును దోన్యా, వాడే. ఇక్కడున్నాడా? నా పేరు ఐలెన్. వాడి చెల్లెల్ని."

"అలాంటివాడికి చెల్లెలు కూడానా," అని ఫిదెన్సియా గేటు తీసింది. "బాట మీదే నడువు. పక్కన కాలు పెట్టావంటే ఊరుకోను."

ఐలెన్ మూడు నెలలుగా ఒంటరిగా తిరుగుతోంది. అన్న పోయిన దారినే, తమ దేశపు ఉత్తరాన ఎడారి ఊళ్ళ నుంచి మొదలుపెట్టి, బస్సు తర్వాత బస్సు ఎక్కి, చవక సత్రాల్లో పడుకుంటూ, ప్రతిచోటా అన్న ఫోటో చూపించుకుంటూ వచ్చింది. రెండు చోట్ల పోలీసులు వాడి పేరే తప్పు రాసుకున్నారు. వాడు ఇంటికి పంపిన ఆఖరి కబురు ఈ ఊరి నుంచే: రేపు సముద్రం వైపు పోతున్నాను అని. ఆ తర్వాత ఏమీ లేదు.

ఫిదెన్సియా చీపురు కర్రతో చూపించింది. "ఇదిగో. ఎడమకాలు లోపలికి తిరుగుతుంది. బావి దగ్గర ఏడు, కాఫీ మొక్కల్లో ఇరవై, వంటింటి గుమ్మంలో లెక్కే లేదు. తిండికి మాత్రం పిలవకుండానే వచ్చేవాడు."

ఆ పిల్ల మోకాళ్ళ మీద కూలబడింది. ఒక అడుగు పక్కన అరచెయ్యి ఆనించింది. అడుగు మట్టిలో గట్టిగా, లోతుగా ఉంది. అంటే మనిషి ఉన్నాడు. ఎక్కడో ఒకచోట ఉన్నాడు. పిల్ల ఏడిస్తే ఫిదెన్సియా అటు తిరిగి కోళ్ళని అదిలించింది.

కళ్ళు తుడుచుకున్నాక ఐలెన్ చూపు తొట్టి మీద పడింది. "దాని కిందేముంది?"

"వాడి ఆఖరి అడుగు. గేటు దాటి పోయిందే, అది."

"ఎందుకు మూసిపెట్టారు?"

"ఎందుకా?" ఫిదెన్సియా చీపురు గోడకి ఆనించింది. పదహారు నెలలుగా ఎవరైనా అడుగుతారని చూస్తోందాయె. "విను. మా ఊళ్ళో ఇంటికొకరు ఊరిపనికి పోవాలి. బాట తవ్వడమో, కాలవ పూడిక తియ్యడమో. మా ఆయన పోయినా, నేను ఆడదాన్నయినా, పార భుజానేసుకుని నేనే పోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక్క రోజు మానలేదు. ఆ వారం నాకు జ్వరం. మీ అన్న పదకొండు రోజులుగా నా తిండి తింటున్నాడు. మంచం పక్కన కూర్చుని, 'నువ్వు పడుకో అత్తా, నీ ఇంటి పేరున రేపు నేను పోతాను' అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు. నేను నమ్మి పడుకున్నాను. తెల్లారకముందే మూట కట్టుకుని లారీ ఎక్కేశాడు. మధ్యాహ్నం మైకులో చదివారు: ఫిదెన్సియా ఇల్లు, గైరుహాజరు. ఊరంతా విన్నది."

"ఇంతేనా?" అంది ఐలెన్.

"ఇంతేనా అంటావా!"

"ఒక్క రోజు పనికి పోలేదని మనిషి అడుగుని జైల్లో పెడతారా? మా అమ్మ పదహారు నెలలుగా వాడి కంచం కడిగి పెడుతోంది. తెలుసా మీకు?"

"కడగనీ. అబద్ధాలకోరుని కన్నందుకు కడగనీ."

"తొట్టి తీయండి."

"వాడొచ్చి నా ఎదురుగా నిలబడి తప్పయిందని చెప్పాలి. అప్పుడు తీస్తాను. అంతవరకు వాడు ఏ సముద్రం దగ్గరున్నా ఒక అడుగు నా దగ్గరే."

"రాయి మనిషివి నువ్వు."

"రాయినే. గది అటుంది. చిక్కుడు గింజలు పొయ్యి మీదున్నాయి. తిను, తిని తిట్టు."

ఆ రాత్రీ, మర్నాడు పొద్దున్నా ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే తిన్నారు. ఐలెన్ మొక్కజొన్నలు కడిగిపెట్టింది. సరిగ్గా కడగలేదని ఫిదెన్సియా మళ్ళీ కడిగింది. గురువారం సముద్రం వైపు పోయే లారీ ఉంది. దానికి పోయి రేవు ఊళ్ళన్నీ వెతుకుతానంది పిల్ల. పొమ్మంది ఆవిడ.

మంగళవారం మధ్యాహ్నం పెనం మీద రొట్టెలు కాలుతుండగా, పక్కింటి ఒబ్దూలియా గోడ మీంచి కేక పెట్టింది.

"వదినా! కాఫీ మొక్కల్లో చూడు! ఆ కుర్రాడివి లేస్తున్నాయి!"

ఐలెన్ పరుగెత్తింది. అన్న అడుగులు అంచుల దగ్గర ఎండిన ఆకుల్లా ముడుచుకుంటున్నాయి. ఒకటి లేచింది. గాలిలో ఒకసారి బోర్లా తిరిగి, గోడ దాటి దక్షిణం వైపు పోయింది. దాని వెనక ఇంకొకటి. బావి దగ్గరి ఏడూ బాతుపిల్లల్లా వరసగా పోయాయి. పిల్ల వాటిని రెండు చేతులా పట్టుకోబోయింది. అవి వేళ్ళ మధ్య నుంచి జారిపోయాయి. చేతిలో కాస్త మట్టి, కాస్త వెచ్చదనం మిగిలాయి.

"ఏమవుతోంది? అత్తా, ఏమవుతోంది?"

"పోతున్నాడు," అంది ఒబ్దూలియా మెల్లగా. "ఎక్కడో పడి ఉన్నాడు పాపం. అడుగులు ఏరుకుంటున్నాడు."

అరగంటలో వాకిలంతా ఖాళీ అయింది. ఆ తర్వాత గేటు దగ్గర తొట్టి మోగడం మొదలైంది. లోపలి నుంచి టకటకా కొడుతోంది. సన్నికల్లు అంగుళం పక్కకి జరిగింది.

మంచు దిగేవేళకి దోన్ నబోర్ వచ్చాడు. వెనక తలారి, అతని వెనక సగం ఊరు.

"తొట్టి తియ్యి ఫిదెన్సియా. ఇక చాలు. ఒక్క అడుగు కోసం ఆ ప్రాణం కొట్టుకుంటోంది. పోయేవాణ్ణి పట్టి ఆపడం మనుషులు చేసే పనేనా?"

"తీసెయ్యి అత్తా!" అని ఐలెన్ కూడా అరిచింది. "వాడికి నొప్పిగా ఉంటుంది. తీసెయ్యి!"

"తీస్తే నొప్పి తగ్గుతుందమ్మా," అంది ఒబ్దూలియా ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి. "మనిషి ఉండడు. అంతే."

ఐలెన్ తొట్టి వైపు చూసింది. ఊరి వైపు చూసింది. తర్వాత అంది: "వద్దు. తియ్యొద్దు."

"నువ్వు తియ్యమంటే తీసి, వద్దంటే మానే మనిషినా నేను?" అని ఫిదెన్సియా కసిరింది. సన్నికల్లు దించి పక్కన పెట్టింది. ఆవిడ పావడా సర్దుకుని, తొట్టి మీద తనే కూర్చుంది.

"ఫిదెన్సియా!"

"ఏం నబోరూ? జ్వరంతో పడున్న దాని పేరు మైకులో చదివావే, ఆ రోజు ఇంత ధర్మం ఏ సంచిలో దాచావు? తప్పయితే జైల్లో పెట్టు. తొట్టితో సహా మోసుకుపో. మీ తలారికి నడుం నొప్పి లేకపోతే."

తలారి నేల చూపులు చూశాడు.

"పోయేవాళ్ళని ఆపకూడదట!" ఆవిడ గొంతు పైకి లేచింది. "మా ఆయన పోయిన రోజు నేను పిండిమిల్లు దగ్గర వరసలో నిలబడ్డాను. వచ్చేసరికి వాకిలి నున్నగా ఉంది. అన్నేళ్ళ అడుగులు, ఒక్కటి లేదు. పోతున్నానని మాట లేదు. ఆపకూడదని నేర్పారు కాబట్టి ఏడ్చి ఊరుకున్నాను. వీడు రెండోవాడు. వీడు కూడా చెప్పకుండా పోతాడా? నా తిండి తిని, నా చెయ్యి పట్టుకుని మాటిచ్చి, చెప్పకుండా పోతాడా? నేను క్షమించలేదు. క్షమించేదాకా వీడికి చచ్చే హక్కు లేదు. పొండి అందరూ."

ఒబ్దూలియా కంబళి తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పింది.

ఆ రాత్రీ, బుధవారం పగలూ రాత్రీ ఆవిడ లేవలేదు. ఐలెన్ జావ తెచ్చి తాగించింది. కిందినుంచి తొట్టి తన్నినప్పుడల్లా ఫిదెన్సియా ఎముకలు కదిలేవి. ప్రతి తన్నుకీ ఒక తిట్టు. సోమరిపోతా. గడ్డినీళ్ళ వెధవా. మీ అమ్మ కంచం కడుగుతోందిరా, సిగ్గుందా? తిట్లు అయిపోతే మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టేది. మధ్యలో గొంతు పోతే ఐలెన్ అందుకుంది. చిన్నప్పటి నుంచి దాచుకున్న తిట్లు ఆ పిల్ల దగ్గర చాలానే ఉన్నాయి. సైకిలు విరగ్గొట్టినవాడా. నన్ను రేవులో వదిలేసి ఈత కొట్టుకుంటూ పోయినవాడా. ఫిదెన్సియా తల ఊపింది. పిల్లకి తిట్టడం వచ్చు, అంది.

గురువారం పొద్దున్న తొట్టి ఆగిపోయింది.

ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. కోడి కూసింది. దూరంగా, సముద్రం వైపు పోయే లారీ హారను కొట్టింది. తొట్టి కింద మాత్రం చడీ చప్పుడూ లేదు.

"అత్తా," అంది ఐలెన్. "పోయాడా?"

"నాకేం తెలుసు."

"చూడాలి కదా."

"చూడాలి."

ఇద్దరూ కదల్లేదు. మూడోసారి హారను మోగినప్పుడు పిల్ల లేచి మూట భుజాన వేసుకుంది. బతికుంటే వెతకడానికి, పోతే తీసుకుపోవడానికి, ఎలాగూ పోవాలిగా అంది. ఫిదెన్సియా లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. ఐలెన్ చెయ్యిచ్చి లేపింది. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని తొట్టి ఎత్తారు.

అడుగు ఉంది.

మట్టిలో అంటుకుని, తడిగా ఉంది. కానీ పదహారు నెలల కింద మూసినప్పుడు దాని వేళ్ళు గేటు వైపు ఉండేవి. ఇప్పుడు ఇంటి వైపు తిరిగి ఉన్నాయి.

ఫిదెన్సియా వంగి చూసింది. మడమ దగ్గర లోతు, వేళ్ళ దగ్గర తేలిక. పక్కన ఒక చిన్న గుండ్రటి గుంట. కర్ర ఊతం పట్టుకుని నడుస్తున్న మనిషి అడుగు అది. ఎక్కడో మంచం దిగి, మొదటి అడుగు ఇటే వేశాడు.

గోడ మీంచి ఒబ్దూలియా తొంగిచూసి, సిలువ గుర్తు వేసుకుని, పొయ్యి మీద పాలు పొంగుతాయని వెళ్ళిపోయింది.

కొండ దిగిపోతున్న లారీ చప్పుడు తగ్గుతూ తగ్గుతూ వినబడకుండా పోయింది.

"ఇంకా మూటెందుకు భుజాన? దించు," అంది ఫిదెన్సియా. గొంతు బొంగురుపోయినా కోపం మాత్రం తగ్గలేదు. "కుంటికాలితో కొండెక్కాలంటే వారమో పది రోజులో పడుతుంది. మీ అమ్మకి ఫోను చెయ్యి. తర్వాత వచ్చి మొక్కజొన్నలు నానబెట్టు, ఎక్కువ వెయ్యి. ఈసారైనా సరిగ్గా కడుగు."

పిల్ల గేటు వెయ్యబోయింది.

"వెయ్యకు. తీసే ఉంచు," అంది ఆవిడ, చీపురు అందుకుంటూ. "పిలిచి వచ్చే మర్యాద వాడికెలాగూ లేదు."