పొమ్మంటే వచ్చే గుండీ

సెలవులకి చెరువు గట్టున డేరా వేసుకుని రెండ్రోజులు గడిపి రావాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఎక్కడికి, ఎలా, ఏం పట్టుకెళ్ళాలి అనే తలనొప్పంతా టైలరమ్మ నెత్తిన పడింది. పడింది అంటే ఆవిడ ఒప్పుకోదు, తనే మీదేసుకుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ప్రయాణాలన్నీ ఆడపడుచు చెప్పినట్టే నడిచాయి. ఇన్నాళ్ళకి పగ్గాలు తన చేతికొస్తే వదులుతుందా!

ఆవిడ షరతు ఒక్కటే. గుండీ కూడా రావాలి. గుండీ అంటే ఆవిడ కుక్క. కోటు గుండీల్లా నల్లగా నిగనిగలాడే దాని కళ్ళు చూసి తనే పెట్టిన పేరది.

ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది. "కుక్కతోనా? పార్కు గేటు దగ్గర ఆపేస్తే అందరం ఉసూరుమంటూ వెనక్కి రావాలి. ముందే చెప్తున్నా, అలా జరిగిందంటే ఇంకెప్పుడూ ప్రయాణాల జోలికి నిన్ను రానివ్వను."

"సరే వదినా," అంది టైలరమ్మ ధీమాగా. అనేశాక నాలుక కరుచుకుంది.

మిషను తొక్కుతూనే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చుట్టుపక్కల చెరువులున్న పార్కులన్నిటికీ ఫోన్లు చేసింది. ఒకచోట కుక్కలు చీకటి పడకముందే వెళ్ళిపోవాలన్నారు. ఇంకోచోట రాత్రి ఉండొచ్చు గానీ నీళ్ళ దగ్గరికి రాకూడదన్నారు. "నీళ్ళే లేకపోతే మా డాబా ఏం పాపం చేసింది బాబూ?" అని ఫోను పెట్టేసింది. చివరికి ఒక పార్కాయన దారికొచ్చాడు. "నీళ్ళల్లో దిగినా పర్లేదమ్మా. కానీ పిలవగానే వెనక్కి రావాలి. గేటు దగ్గర చూశాకే లోపలికి వదుల్తాం."

అక్కడొచ్చింది చిక్కు. గుండీకి "రా" అంటే తెలీదు. తప్పు టైలరమ్మదే. పిల్లగా ఉన్నప్పుడు అది మిషను కింద దూరి బట్టలు లాగేది. "పో, అవతలికి పో!" అని ఈవిడ కసిరేది. కసిరాక దాని మొహం చూసి మనసాగక, దగ్గరికి తీసుకుని బిస్కెట్టు పెట్టేది. రోజూ ఇదే తంతు. దాంతో "పో" అంటే దగ్గరికి రమ్మని దాని బుర్రలో పాతుకుపోయింది.

నలుగురిలో అలా పిలిస్తే నవ్వరూ? కొట్టు తలుపులు వేసుకుని "రా గుండీ, రా" అని పాఠాలు మొదలుపెట్టింది. అది తోకాడించి, ఆవలించి, పడుకునేది.

మిగతా పనులు మాత్రం చకచకా సాగాయి. కత్తిరింపుల బల్ల మీద సుద్దతో డేరా గీసి, ఎవరి పక్క ఎటు, సామాను ఎటు అని గుర్తులు పెట్టింది. పాత రెయిన్‌కోటు చింపి గుండీకి తడవని పరుపు కుట్టింది.

"కుక్కకి కూడా కొలతలు తీశావుటే!" అంది ఆడపడుచు.

"తీశాను వదినా. మీకంటే బుద్ధిగా నిలబడింది."

ఆ రోజు రానే వచ్చింది. పార్కు కాపలాదారు కంచె వేసిన గడ్డి జాగాలోకి గుండీని వదిలించి, "ఊఁ, పిలవండమ్మా," అన్నాడు.

"గుండీ, రా!"

అది చెవైనా కదపలేదు. సీతాకోకచిలుక వెంటపడి ఆ చివరికి పోయింది. టైలరమ్మ మొగుడు "రా నాన్నా, రా" అని బతిమాలాడు. ఊహూఁ.

"కుదరదమ్మా. రేపు బాతుల వెంటపడితే ఎవరు పట్టుకొస్తారు?" అన్నాడు కాపలాదారు.

"నే చెప్పానా!" ఆడపడుచు సంచీ భుజానికెత్తుకుంది.

టైలరమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజుల కష్టం ఒక్క మాట దగ్గర బూడిదలో పోసిన పన్నీరు కావాలా? నవ్వితే నవ్వనీ అనుకుంది. నడుం మీద చెయ్యేసి గొంతు చించుకుంది.

"పో! దరిద్రపు మొహమా, అవతలికి పో!"

గుండీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. గడ్డిని చీల్చుకుంటూ వచ్చి, ఆవిడ కాళ్ళ మీద పడి, బిస్కెట్టు కోసం నోరు తెరిచింది.

కాపలాదారు కూడా నోరు తెరిచాడు. "అదేంటమ్మా, పొమ్మంటే వచ్చింది?"

"మా ఇంట్లో అంతేనండీ!" అంది టైలరమ్మ. మీసం లేదు గానీ, ఉంటే మెలేసేదే. తన కుక్క, తన మాట, తన ప్రయాణం! ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతూ గేటు తీశాడు.

సాయంత్రం గుండీ నీళ్ళల్లో ఈదులాడుతోంది. సుద్దతో గీసినట్టే డేరా నిలబడింది. స్టవ్ దగ్గర టైలరమ్మ టీ కాస్తుంటే ఆడపడుచు వెనకే తచ్చాడింది.

"ఇక్కడ పొగలో మీకెందుకు వదినా? పోండి, గట్టు మీద కూర్చోండి."

ఆడపడుచు పోలేదు. ఇంకా దగ్గరికి జరిగి పక్కనే చతికిలబడింది. "బాగా చేశావే. ఇక మన ఇంటి ప్రయాణాలన్నీ నువ్వే చూసుకో," అంది.

టైలరమ్మ టీ గిన్నె దించింది. గ్లాసు అందిస్తూ, "పొమ్మంటే వచ్చి కూర్చున్నారేంటి వదినా?" అంది.

ఆడపడుచు చెయ్యి చాపింది. "ఏదీ, నా బిస్కెట్టు?"