ఇంటి గొంతునెరిగిన తంబురా

మూఢం నడుస్తున్న దినాలవి. ముహూర్తాలు లేనందున పెళ్ళిబ్యాండులో క్లారినెట్టు వాయించే ఉదయభాస్కర్ ఇంటిపట్టుననే ఉండేవాడు. విజయనగరంలోని ఆ పెంకుటింట మధ్యాహ్నం మూడు గంటలు కొట్టగానే అతని అక్క చూడామణి టీ కాచేది. అతని కూతురు ఆశ్రిత టీవీ పెట్టేది. ముగ్గురూ జంతికలు నములుతూ, ఒకానొక బ్యాండు పుట్టి పెరిగి విడిపోయిన వృత్తాంతాన్ని చెప్పే పది భాగాల సిరీస్‌ను దినానికొక్క భాగం చొప్పున తిలకించారు. నిన్నటితో అది ముగిసింది. వాయిద్యగాళ్ళు తలో దారి పట్టిన ఘట్టంలో ఉదయభాస్కర్ తువ్వాలుతో కన్నులొత్తుకొన్నాడు కూడా.

"ఇప్పుడేటి సూద్దామే? ఇల్లు బోసిగున్నాది," అన్నాడతడు.

"మూడు డాక్యుమెంటరీలు ఎంచి పెట్టాను నాన్నా. సన్నాయి చేసేవాళ్ళది ఒకటి. కళింగపట్నం పడవ పాటలది ఒకటి. గాయని రాజకుమారి గారిది ఒకటి."

"పడవ పాటలు పెట్టు," అంది చూడామణి తటాలున.

ఆశ్రిత మేనత్త ముఖంలోకి చూసింది. నాలుగు దినాలుగా ఇదే తంతు. రాజకుమారి గారి పేరెత్తితే చాలు, చూడామణికి పొయ్యిమీది పాలు గుర్తుకు వచ్చేవి. మొన్న ఆమె కచేరీ పెట్టబోతే రిమోటు కనబడక ఇల్లంతా గాలించగా బియ్యం డబ్బాలో దొరికింది.

"రిమోటు దానంతట అదే బియ్యంలోకి నడిసెల్లిందా అత్తా?"

"ఏమోనే, నాకేటి తెలుసు?"

ఆశ్రితకు అనుమానం బలపడడానికి కారణం లేకపోలేదు. విశాఖలో గురుకులం నడిపే ఆ మహాగాయని ఒక పోటీలో ఆశ్రిత పాట విని, ఏడేండ్లు తన యింట ఉండి నేర్చుకొమ్మని కబురు పంపింది. నియమం ఒక్కటే: ఆ ఏడేండ్లూ వేరుగా ఎక్కడా పాడరాదు, గురువు వెనుక కూర్చుండి వంత పాడవలె. ఈ సాయంత్రం అయిదు గంటలకు ఫోను చేస్తానని, అప్పటికి ఆశ్రిత నిర్ణయం చెప్పాలని ఆమె గడువు పెట్టింది. చూడామణి మాత్రం "వద్దు" అని ఊరుకొన్నది. ఎందుకని అడిగితే పెదవి కదపదు. నలుబది యేండ్ల క్రిందట తానూ అక్కడనే మూడేండ్లు చదివి అర్ధాంతరంగా తిరిగివచ్చిన మనిషి.

"నీకు రాని పేరు నాకొస్తాదని కడుపుమంట. అంతేనా?" అంది ఆశ్రిత.

"ఒసే! అత్తని అంత మాటంటావేటి?" అని ఉదయభాస్కర్ కసిరాడు గాని, అతని చూపులోనూ అదే శంక కదలాడింది. "పెట్టక్కా, సూద్దాం. సూస్తే ఏటి పోయింది?"

చూడామణి రిమోటును కొంగు మడతలోంచి తీసి ఇచ్చింది.

ఆ గదిలో ఈశాన్యమూల పనసకర్ర తంబురా ఒకటి ఉండేది. రామతీర్థంలో స్వామికి సంగీతసేవ చేసిన తాతల నాటిది. ఈ యింటివారు నోరు తెరిచినంతనే దాని తంత్రులు బిగించే బిరడాలు తమంత తాము తిరిగి ఎవరి శ్రుతికి వారికి నిలిచేవి. తంత్రులు మీటకుండానే మ్రోగేవి. ఆశ్రిత కళాశాల నుండి ఫోనులో పాడి పంపినా అది గుర్తించి ఆమె అయిదున్నర శ్రుతికి సర్దుకొనేది. పరాయివారికి మాత్రం అది ఉలకదు, పలకదు. అందువలన తన వద్ద సంగీత పాఠానికి వచ్చే పిల్లలందరికీ చేతితో శ్రుతి పెట్టడం చూడామణికి ప్రతిదినమూ ఒక చాకిరీ.

డాక్యుమెంటరీ మొదలైంది. పట్టుచీరలో, వెండితీగల వంటి వెంట్రుకలతో రాజకుమారి పాడుతున్నది. తంబురా మిన్నకున్నది. వింతేమున్నది, పరాయి గొంతు గదా!

అంతలో వ్యాఖ్యాత, "ఆమెకు కీర్తి తెచ్చిన తొలి క్యాసెట్టులోని ఆలాపన ఇది," అన్నాడు.

కిర్రుమని బిరడా తిరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తంత్రులు నాలుగున్నర శ్రుతికి నిలిచి గది నిండా మ్రోగసాగాయి.

ఉదయభాస్కర్ చేతిలోని జంతిక చేతిలోనే ఉండిపోయింది. "అక్కా... అది నీ శ్రుతి."

ఆశ్రిత మెల్లగా తల త్రిప్పింది. "అత్తా, అది పాడింది నువ్వా?"

"నన్నడక్కే తల్లీ. ఎవరికీ సెప్పనని కర్పూరం ఆర్పి ప్రమాణం సేసినాను."

ప్రమాణం చేసినది చూడామణి గాని, తంబురా కాదు. ఆలాపన ముగిసేవరకు అది మ్రోగుతూనే ఉన్నది. తెరమీద రాజకుమారి చిరునవ్వు నవ్వి, "అటువంటి గొంతు మళ్ళీ ఇన్నాళ్ళకు నా చెంతకు వస్తున్నది," అన్నది. వేరుగా ఎక్కడా పాడరాదన్న నియమం ఎందుకో ఆశ్రితకు అప్పుడు తెలిసింది.

అయిదు గంటలకు ఫోను మ్రోగింది. ఆశ్రిత అందరికీ వినబడేటట్లు పెట్టింది.

"ఏమ్మా, బట్టలు సర్దుకున్నావా?"

"ఒక్క మాట అడగాలండీ. మీ తొలి క్యాసెట్టు రికార్డు చేసిననాడు మీ గొంతు ఎలాగుండేదండీ?"

ఆవలి నుండి "చూడామణి చెప్పిందా?" అని ప్రశ్న.

"మా అత్త పేరు మీకు నేనెప్పుడూ సెప్పనేదు కదండీ."

ఆశ్రిత ఒకసారి తంబురా వైపు చూసింది.

"నేను రానండీ," అని ఆశ్రిత ఫోను పెట్టేసింది.

ఆశ్రిత వచ్చి మేనత్త పాదాల వద్ద కూర్చుంది. చూడామణి ఆమె తలమీద చేయి వేసి, వెంటనే తీసివేసి, టీ గ్లాసులు ఏరుకొని వంటింటిలోకి నడిచింది.

"ఆవిడవి మొత్తం ఎన్ని క్యాసెట్లుంటాయే?" అని ఉదయభాస్కర్ గొంతు తగ్గించి అడిగాడు.

"పదకొండు నాన్నా."

"అన్నీ ఆవిడే పాడిందంటావా?"

"అత్త సెప్పదు. రెండో క్యాసెట్టు మీద తీసిందొకటి ఉన్నాది. అది పెడతాను, ఉండు."

తెర వెలిగింది. క్యాసెట్టు తిరుగుతున్నది గాని గొంతు ఇంకా అందుకోలేదు. పాటకు ముందరి వయొలిన్ మాత్రమే సాగుతున్నది. తండ్రీకూతుళ్ళిద్దరూ తెరను విడిచి మూలవైపు చూస్తూ కూర్చున్నారు.

పాట అందుకొన్నది. కిర్రుమని బిరడా తిరిగింది.

వంటింటిలో గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.