ఎండిన చెరుకు ముందు

బోధన్ లెక్క చూసి రాజేందర్ సార్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నిజామాబాద్ పట్నంలో సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు నూట పన్నెండు మంది రక్తపరీక్షకు వస్తే పదమూడు మందికి హెచ్‌ఐవీ ఉంది. బోధన్‌లో ఎనభై నాలుగు మంది వస్తే ముప్ఫై ఒక్కరికి ఉంది.

"ఇంత తేడా ఎందుకొచ్చిందమ్మా సుకన్యా? గంట ప్రయాణం గూడ లేదు రెండు ఊర్ల నడుమ" అన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చి సర్వే నడిపిస్తున్న పెద్ద ఆయనే. బోధన్ బస్టాండు వెనక అద్దె గదిలో పని చూసుకునేది సుకన్య.

"తెలుసుకుంట సార్" అంది సుకన్య. లోపల మాత్రం సంతోషంగానే ఉంది, ఆ సంతోషానికి సిగ్గుగానూ ఉంది. సంఖ్య పెద్దదైతే బోధన్‌కు చికిత్స కేంద్రం వస్తుంది. కొత్త సూదులు, అలవాటు మానిపించే మందులు ఊళ్లోనే దొరుకుతాయి, నిజామాబాద్ బస్సు ఎక్కే పని ఉండదు. రోగం ఎక్కువని రుజువైతే తప్ప వైద్యం దొరకని రోజులివి, ఎవరిని తిట్టుకోవాలి?

ఆమె తమ్ముడు వేణు రెండేళ్లుగా ఆ సూదికే అలవాటుపడ్డాడు. వాడి కోసమే ఆమె ఈ ఉద్యోగంలో చేరింది. పెళ్లయి ఏడాది తిరక్కముందే వాడి భార్య నిరోష మొహంలో కళ తప్పింది. సొంతవాళ్ల పరీక్ష వేరేవాళ్లే చేయాలి, ఫలితం అడగకూడదు అన్నది సర్వే నియమం. వేణుకు పరీక్షకు రమ్మనే చిట్టీ అందిందని తెలిసిన రోజు సుకన్య పని కల్పించుకుని నిజామాబాద్ వెళ్లింది. పరీక్ష తనతో పనిచేసే సౌందర్య చేస్తుందిలే అనుకుంది. సాయంత్రం "పరీక్షకు పోయినవారా?" అంటే, "ఆఁ, అయింది" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆమె పదమూడు రోజులుగా కంటినిండా నిద్రపోతోంది.

ఇలాంటివాళ్ల జాబితా ఏ ఆఫీసులోనూ ఉండదు కాబట్టి సర్వే చిట్టీల మీదే నడుస్తుంది. వచ్చినవాడికి మూడు చిట్టీలు ఇస్తారు. వాడు తనతో సూది పంచుకునేవాళ్లలో చేతికందిన ముగ్గురికి ఇస్తాడు. వాళ్లొచ్చి మరో మూడేసి పట్టుకెళ్తారు. ఎవరూ ఏరకుండా, ఈ గొలుసు దానంతటదే సాగితేనే లెక్క నమ్మదగినది.

మర్నాడు ముత్యం వచ్చాడు. రుద్రూర్ వైపు మనిషి, ఒకప్పుడు చెరుకు నరికే ముఠాకు పెద్ద. ఇప్పుడు ఈ సూదుల ముఠాకూ పెద్దే.

"చిట్టీలు ఎట్ల పంచినవే అన్నా?" అని అడిగింది సుకన్య.

ముత్యం మొహం వెలిగిపోయింది. "మస్తు ఇన్సాఫ్‌తోని, న్యాయంగ పంచినమక్కా! చక్కెర ఫ్యాక్టరీ నడిచినప్పుడు చెరుకు నరకనీకి ఇచ్చే నరుకుడు చిట్టీ ఎట్లనో, గిది గూడ గట్లనే. చిట్టీ నీ పేరు మీదొచ్చినా పక్కోని చెరుకు ఎండుతుంటే వానికిస్తవు గదా? మా దాంట్ల దగ్గెటోడు, బక్కగైనోడు, జరం ఇడవనోడు, గాల్లకే ముందిచ్చినం. మంచిగున్నోనికి పరీచ్చ ఎందుకు, సూడు?"

సుకన్య తండ్రి ఎర్రన్న కూడా అలాగే ఒకసారి తన నరుకుడు చిట్టీని పక్క చేను లింబాద్రి చేతిలో పెట్టి, తన చెరుకు ఎండబెట్టుకున్నాడు. ఆ సంగతి ఊరంతా మెచ్చుకుంది. మంచి బుద్ధే, కాదనేవాడెవడు? ఆ మంచి బుద్ధే లెక్కను ముంచింది. రోగులను ఏరి పంపి, ఊళ్లో రోగం ఎంతని అడిగితే ఇంత ఎక్కువే వస్తుంది మరి.

"మీ వేణు గూడ మంచోడక్కా" అన్నాడు ముత్యం. "రెండు సార్లొచ్చింది వానికి చిట్టీ. 'నాకేమైంది, గుండ్రాయి లెక్కున్న' అని రెండు సార్లు ఇంకోనికే ఇచ్చిండు."

ఆ సాయంత్రమే సుకన్య తమ్ముడింటికి పోయి, వాకిట్లోనే నిలదీసింది.

"అబద్ధం ఎందుకాడినవురా?"

వేణు ఇంట్లోకి ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు. "నిరోషకు తెలుస్తదని బుగులైంది."

"తెల్వకపోతె దానికి రోగం రాకుంటదారా?"

సుకన్యకు వాణ్ని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

వీధిలోకొచ్చి ఫోను పట్టుకుని చాలాసేపు నిలబడింది. నోరు మూసుకుంటే కేంద్రం వస్తుంది, అడిగేవాడు లేడు. కానీ వేణులాంటి గుండ్రాళ్లు అదే సూది పంచుకుంటూ, ఏ లెక్కలోకీ రాకుండా, ఏ మందూ అందకుండా తిరుగుతూనే ఉంటారు. రాజేందర్ సార్‌కు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"బోధన్ కాయితాలు పక్కన పెట్టాల్సిందే. రోగం తేలినవాళ్ల వైద్యం వాళ్లకు నడవనీ. లెక్క మాత్రం మళ్లీ మొదటి నుంచి" అన్నాడు సార్.

"కేంద్రం సంగతి సార్?"

"లెక్క తేలనీ."

సుకన్య ముత్యాన్ని పిలిపించింది. "ఎండిన చెరుకే తూకమేస్తే ఊరి పంటెంతో ఎట్ల తెలుస్తదన్నా? పచ్చగున్నది గూడ కాంటా మీదికి రావాలె."

ముత్యం తల గోక్కున్నాడు. "గా మాట ముందే చెప్పద్దా అక్కా" అన్నాడు. అదీ నిజమే. ఆమె ముందే చెప్పి ఉండాల్సింది.

కొత్త గొలుసు సోమవారం మొదలైంది. మొదటి మనిషిని సర్వేవాళ్లే పిలుచుకోవాలి. చూపుకు ఆరోగ్యంగా ఉన్నవాడు కావాలన్నాడు సార్. వేణు తనే వస్తానన్నాడు. సౌందర్య వాణ్ని లోపలికి తీసుకెళ్లి తలుపేసింది. సుకన్య బయట బల్ల మీద కూర్చుంది. అరగంట దాటినా లేవలేదు.

వేణు మూడు చిట్టీలు పట్టుకుని బయటికొచ్చాడు.

"ఉన్నదంట అక్కా" అన్నాడు. "నిరోషను తోలుకరమ్మన్నది."

"తోలుకొద్దాం. నేను గూడ వస్త. మందులున్నయిరా, రోజూ ఏస్కుంటె ఏం గాదు." ఈ మాట ఆమె ముప్ఫై ఒక్కరికి చెప్పింది. ముప్ఫై రెండోవాడు తన తమ్ముడు.

అంతలో రాజేందర్ సార్ ఫోను. "ఎంతమందొచ్చిన్రమ్మా ఇయ్యాల?"

"ఒక్కడు సార్. ఉన్నది."

"ఒక్కనితోని ఏం తేలుతదమ్మా. వంద మంది రానీ."

"సరే సార్" అంది సుకన్య. ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని, ఆ ఒక్కడి చెయ్యి పట్టుకుని నిరోష దగ్గరికి బయల్దేరింది.